ఎక్కబుడ్డి నుంచి ఎండ దీపం దాకా

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అన్నారు. దీపమే లేని ఇల్లు ఎట్లా చక్కబడుతుందో మాత్రం చెప్పలేదు. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు కవిత రాయాలా, కథ రాయాలా అని ఆలోచించాను. ఆ రెండూ నాకు రావు. చేతితో చేసిన పని ఒకటి ఉంది. ఎండతో బ్యాటరీని నింపి, కరెంటు పోయినప్పుడు ఇంటికి వెలుగు ఇచ్చే చిన్న సోలార్ ఛార్జరు అది. దాని గురించే రాస్తున్నాను. చదివినవాళ్ళలో ఒక్కరైనా ఇలాంటిది తయారు చేసుకుంటే నా రాత ధన్యమైనట్టే.

మాది పాత కరీంనగర్ జిల్లాలో రామగుండానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. మా బాపు కూలి పనికి పోతాడు, అవ్వ బీడీలు చేస్తుంది. ఇద్దరూ బడి మొహం చూడలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. 2013లో ఆరో తరగతిలో ఒక రేకు పెట్టె, ఒక పళ్ళెం, ఒక దుప్పటితో ఈ హాస్టల్‌లో చేరాను. 2018లో పదో తరగతి పాసై బయటికి వెళ్ళాను. ఈ మధ్యలో నేను తిన్న ప్రతి ముద్దా ఈ గోడల మధ్య తిన్నదే కాబట్టి ఇక్కడ నాకు దాపరికం ఏమీ లేదు.

బీడీ పని తెలియని తమ్ముళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటుంది. నానబెట్టిన తునికాకును అచ్చు పెట్టి కత్తెరతో కోస్తుంది. దానిలో తంబాకు పోసి, చుట్టి, చివర మడిచి దారం కడుతుంది. లెక్క వెయ్యి బీడీలకు కడతారు. ఆకు తక్కువ వచ్చినా, చుట్టు సరిగా లేకపోయినా కార్ఖానాలో తీసి పక్కన పడేస్తారు, వాటికి కూలి రాదు. పగలంతా వంట, నీళ్ళు, పొలం పని అయ్యాక ఈ పని రాత్రికే మిగులుతుంది. అందుకే మా ఇంట్లో వెలుతురు అంటే కూలి. కరెంటు పోతే ఎక్కబుడ్డి వెలిగించేవాళ్ళం. ఆ గ్యాసునూనె పొగలో, ఆ గుడ్డి వెలుతురులో చేసిన బీడీల్లో ఎన్ని పోతాయో మరునాడు గానీ తెలిసేది కాదు. ఆ దీపం పక్కనే మా చెల్లె పుస్తకం పెట్టుకుని కూర్చునేది. దీపం ఒకటే, అక్కరలు రెండు. అవ్వ దగ్గరికి జరిపితే చెల్లెకు చీకటి, చెల్లె దగ్గరికి జరిపితే అవ్వకు చీకటి.

మా ఊరి డాబా ఎక్కి చూస్తే రాత్రిపూట రామగుండం పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు కనబడతాయి. అక్కడ 1971లో 62.5 మెగావాట్ల పాత కేంద్రం మొదలైంది, 2024లో మూతపడింది. ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో వచ్చింది, తరువాత ఆ కేంద్రం 2600 మెగావాట్లకు పెరిగింది. 2022 జులైలో అక్కడి జలాశయం నీళ్ళ మీదే తేలే 100 మెగావాట్ల సోలార్ కేంద్రం కూడా పూర్తయింది. అంత దగ్గర ఉండి మీకు కరెంటు పోవడమేమిటని కాలేజీలో స్నేహితులు నవ్వేవాళ్ళు. దీపం కింద చీకటి అనే సామెత మా కోసమే పుట్టినట్టుండేది. కానీ సంగతి వేరు. అక్కడ తయారైన కరెంటు ముందు పెద్ద లైన్లలో రాష్ట్రాలు దాటిపోతుంది. మళ్ళీ సబ్‌స్టేషన్లలో దిగి, 33 కేవీ, 11 కేవీ తీగల మీదుగా, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన ఇంటికి వస్తుంది. ఆ దారిలో ఎక్కడ చెట్టు కొమ్మ విరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా పొగగొట్టం పక్కన ఉన్న ఇల్లు కూడా చీకటే. 2012, 2013 నాటి కోతలు ఇప్పుడు లేవు. వ్యవసాయానికి కూడా 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. అయినా గాలివాన వచ్చిన రాత్రి మా వాడకట్టుకు కరెంటు మరునాటి మధ్యాహ్నం దాకా రాకపోవడం మామూలే.

కరెంటు అంటే మా బాపుకు ఇంకొక కారణం చేత కూడా భయం. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్నబాపు రాత్రి వచ్చే కరెంటుకు మోటరు వేయడానికి పొలానికి పోయాడు. వాన పడి ఉంది. స్టార్టర్ డబ్బా ముట్టుకున్నవాడు తిరిగి రాలేదు. తెల్లారి మంచం మీద మోసుకొచ్చారు. అప్పటి నుంచి బాపు ఇంట్లో స్విచ్చు కూడా వేయడు, చెల్లెను పిలిచి వేయిస్తాడు. అందుకని 2024 ఎండాకాలం సెలవుల్లో, స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి నాలుగు వేలు తీసి ఇంట్లో సోలార్ ఛార్జరు చేస్తానని నేను అన్నప్పుడు అన్నం తింటున్న చేయి ఆగింది.

“కరెంటుతోని పరాచకాలొద్దు బిడ్డా. ఒక్కన్ని పోగొట్టుకున్నం, సాలదా? చదువుకొమ్మని పంపితే తీగలు పట్టుకుంటవా?” అన్నాడు.

అవ్వ ఏమీ అనలేదు. చెల్లె మాత్రం, “వచ్చే మార్చిల నాకు పది పరీక్షలు బాపూ” అంది.

ఆ రాత్రి బాపుతో వాదన పెట్టుకోలేదు. ఆయనకు తెలిసిన సంగతితోనే చెప్పాను. “చిన్నబాపును పట్టింది మూడు ఫేజుల కరెంటు, నాలుగు వందల వోల్టులది. ఇది పన్నెండు వోల్టులు, ట్రాక్టరు బ్యాటరీ అంతే. రెండు చేతులతో పట్టుకున్నా షాకు కొట్టదు” అన్నాను. బ్యాటరీ రెండు కొసలూ నా చేతులతో పట్టుకుని చూపించాను కూడా. షాకు కొట్టదు గానీ రెండు తీగలు తగిలితే నిప్పు పుడుతుందని, దానికి ఫ్యూజు పెడతానని అదీ చెప్పాను. ఎంత ప్రమాదం ఉందో అంతే చెప్పాలి. ఎక్కువ చెప్పి భయపెట్టినా, తక్కువ చెప్పి నమ్మించినా అది చదువు అనిపించుకోదు. బాపు సరేననలేదు, వద్దని కూడా అనలేదు. మా ఇంట్లో దాన్ని సరే కిందే లెక్క కడతాం.

ఇక పని సంగతి. పన్నెండు వోల్టుల సోలార్ పలకలో సాధారణంగా 36 సిలికాన్ గడులు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్క గడి సుమారు 0.6 వోల్టు ఇస్తుంది. ఏ భారమూ లేనప్పుడు మొత్తం 21, 22 వోల్టులు, పని చేస్తున్నప్పుడు 18 దగ్గర ఉంటుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీకి అంత ఎందుకు అని మీరు అడగవచ్చు. జవాబు మన ఎండలోనే ఉంది. పలక మీద రాసే లెక్క 25 డిగ్రీల వేడి దగ్గర కట్టినది. వేడి ఒక డిగ్రీ పెరిగితే ఒక్కొక్క గడి సుమారు 2 మిల్లీవోల్టులు పోగొట్టుకుంటుంది. మే నెలలో మన దగ్గర గాలి వేడే 45 డిగ్రీలు దాటుతుంది, పలక 70 దాకా కాలుతుంది. అప్పుడు 36 గడుల మీద మూడు వోల్టులకు పైగా పడిపోయి, 18 కాస్తా 15 లోపుకు వస్తుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువని అందరూ అనుకుంటారు. పలకకు కావలసింది వెలుతురు, వేడి దానికి నష్టమే.

ఈ ఒక్క లెక్క నేను ఏ సర్క్యూట్ పెట్టాలో తేల్చింది. పుస్తకాల్లో తరచుగా కనబడేది ఎల్ఎం 317 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్‌తో చేసేది. చౌక, సులువు. కానీ అది తన కోసమే రెండు వోల్టులకు పైగా మింగుతుంది. బ్యాటరీకి 13.8 ఇవ్వాలంటే పలక నుంచి 16 రావాలి. మే నెల మధ్యాహ్నం మన పలక దగ్గర 15 కూడా ఉండదు. చలిదేశంలో చక్కగా నడిచే సర్క్యూట్ మన దగ్గర మండుటెండలో పస్తులు పెడుతుంది. అందుకని రిలే పద్ధతి ఎంచుకున్నాను. దీనిలో పలకకూ బ్యాటరీకీ మధ్య ఒక షాట్కీ డయోడు, ఒక రిలే మాత్రమే ఉంటాయి. డయోడు మింగేది అర వోల్టు లోపు. ఒక చిన్న కంపారేటర్ బ్యాటరీ వోల్టును చూస్తూ ఉంటుంది. 14.4కు చేరగానే రిలే విడిపోతుంది, 13కు దిగగానే మళ్ళీ కలుస్తుంది.

బాపుకు దీన్ని ఇట్లా చెప్పాను: డయోడు అంటే బావి మోటరుకు పెట్టే ఫుట్ వాల్వు. మోటరు ఆగితే పైపులో నీళ్ళు మళ్ళీ బావిలోకి జారకుండా ఆపుతుంది. అట్లాగే రాత్రి ఎండ పోయాక బ్యాటరీలోని కరెంటు పలకలోకి వెనక్కి పోకుండా డయోడు ఆపుతుంది. రిలే అంటే నీళ్ళ ట్యాంకులో తేలే బంతి. నిండగానే ధార ఆపుతుంది. బాపు తల ఊపి, “మరి బంతి ఇరుక్కుంటే?” అన్నాడు. ఎమ్మెస్సీలో మా సార్లు అడిగే ప్రశ్న అదే. అందుకే బ్యాటరీ ప్లస్ కొసకు ఆనుకుని 5 ఆంపియర్ల ఫ్యూజు, వోల్టు చూసుకోవడానికి ఒక చిన్న మీటరు పెట్టాను. అంకె 15 దాటితే పలక తీగ పీకేయమని చెప్పాను.

బ్యాటరీ కరీంనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర పాతది కొన్నాను. దాని మీద 35 ఆంపియర్ అవర్ అని ఉంది. పాత బ్యాటరీ మీద రాసిన అంకెను నమ్మకూడదు. పూర్తిగా నింపి, 21 వాట్ల బండి బల్బు తగిలించి గడియారం ముందు కూర్చున్నాం. ఆ బల్బు సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. 10.8 వోల్టులకు దిగడానికి పదకొండున్నర గంటలు పట్టింది. గుణిస్తే 20 ఆంపియర్ అవర్లు, అంటే 240 వాట్ అవర్లు. దానిలో రోజూ సగానికి మించి వాడితే బ్యాటరీ తొందరగా చస్తుంది కాబట్టి మన చేతిలో ఉన్నది 120. ఇంట్లో 3 వాట్ల ఎల్ఈడీ దీపాలు మూడు అయిదు గంటలు వెలిగితే 45, ఫోను నింపడానికి 15, మొత్తం 60. రెండు రోజులు ఎండ రాకపోయినా ఇల్లు గడుస్తుంది. 40 వాట్ల పలక మంచి ఎండలో నష్టాలు పోను రోజుకు 120 దాకా ఇస్తుంది. ముసురు రోజున దానిలో నాలుగో వంతు వస్తే గొప్ప.

ఖర్చు కూడా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. పలక 1,700, పాత బ్యాటరీ 1,500, రిలే, డయోడు, ఫ్యూజు, మీటరు వగైరా 350, తీగ 250, దీపాలు 200. మొత్తం 4,000 రూపాయలు. దుకాణంలో ఇన్వర్టరు, బ్యాటరీ కలిపి అడిగితే పదిహేను వేలకు తక్కువ చెప్పలేదు.

పలకను రేకుల మీద దక్షిణం వైపు వంచి కట్టాము. మన కరీంనగర్ 18 డిగ్రీల అక్షాంశం మీద, ఆదిలాబాద్ దాదాపు 20 మీద ఉన్నాయి కాబట్టి వంపు కూడా దాదాపు అంతే చాలు. రేకుకు ఆనించకుండా జానెడు ఎత్తున కడితే కింద గాలి ఆడి పలక చల్లబడుతుంది. వారానికోసారి పొద్దున్నే, పలక చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో దుమ్ము తుడవాలి. బ్యాటరీని గదిలో పెట్టకూడదు. నిండే సమయంలో దాని నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. మేము కంతలు కొట్టిన చెక్క పెట్టెలో అరుగు మీద పెట్టాం. బీడీలు చేసే ఇంట్లో ‘ఇక్కడ బీడీ కాల్చరాదు’ అని చెల్లె రాసి అంటించింది. వాడకట్టంతా నవ్వింది గానీ ఎవరూ అక్కడ కాల్చలేదు. తమ్ముళ్ళూ, యాసిడ్ చేతికి తగిలితే వెంటనే బాగా నీళ్ళతో కడగండి. పాడైన బ్యాటరీని ఇంట్లో పగలగొట్టకండి, దానిలోని సీసం పిల్లల మెదడుకు విషం. పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవాలని 2001 నుంచే నిబంధన ఉంది, 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. అమ్మినవాళ్ళకే ఇచ్చేయండి.

ఆ వానాకాలమే పరీక్ష వచ్చింది. ఆగస్టు చివర ముసురు పట్టి రెండు రాత్రులు కరెంటు లేదు. నేను యూనివర్సిటీ హాస్టల్‌లో ఉన్నాను. రెండో రోజు రాత్రి చెల్లె ఫోను చేసి, “అన్నా, మీటరు 12.3 ఉంది. రెండు దీపాలే వేసినం” అని చెప్పింది. ఒక దీపం అవ్వకు, ఒకటి చెల్లెకు. దీపాన్ని ఇటూ అటూ జరిపే పని లేదు. వెనక నుంచి అవ్వ గొంతు వినబడింది, “వెయ్యి అయినయని చెప్పు” అని. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. 2025 మార్చిలో చెల్లె పది పరీక్షలు రాసి పాసయింది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ పాసు సోలార్ దీపానిది అనను, అది దాని కష్టం. వెలుతురు లేక ఆగిపోయిన రాత్రి ఒక్కటి కూడా లేదని మాత్రం అంటాను.

ఇప్పుడు ఆ బ్యాటరీ యజమాని మా బాపు. డిస్టిల్డ్ వాటర్ ఆయనే పోస్తాడు. యాసిడ్ బలం చూసే హైడ్రోమీటరులో తేలే పుల్లకు ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీలు ఉంటాయి. అక్షరం రాని మనిషి ఆ రంగులు చదివి, “ఇయ్యాల తెల్లదాంట్లకు వచ్చింది, ఫోను పెట్టకుండ్రి” అని ఇంటిల్లిపాదికీ చెబుతాడు. ఇంట్లో స్విచ్చు ముట్టని మనిషి సోలార్ దీపం స్విచ్చు మాత్రం తనే వేస్తాడు.

రెండోది ఆదిలాబాద్ అడవిలో పెట్టాం. ఈ హాస్టల్‌లోనే నాతో చదివిన మిత్రుడొకడు తిర్యాణి వైపు గోండు గూడ నుంచి వచ్చినవాడు. అది ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. వాళ్ళ గూడకు తీగ అడవి మధ్య నుంచి వస్తుంది. వానాకాలం ఒక చెట్టు పడితే మనుషులు పోయి సరిచేయడానికి మూడు నాలుగు రోజులు. బస్సులో యాసిడ్ బ్యాటరీ తీసుకుపోవడం మంచిది కాదని 7 ఆంపియర్ అవర్ల సీలు బ్యాటరీ, 20 వాట్ల పలక, రెండు దీపాలు తీసుకుని పోయాం. సర్క్యూట్ నాదే, సోల్డరింగ్ మొత్తం వాడిదే. నేను వచ్చేశాక చెడిపోతే బాగుచేయవలసింది వాడే కాబట్టి వాడి చేత్తోనే చేయించాను. ఆ గూడలో దీపం కంటే ఫోనుకే ఎక్కువ పని. ఎవరికైనా పురుగు ముట్టినా, నొప్పులు వచ్చినా 108కు ఫోను చేయాలి కదా, ఫోనులో ప్రాణం ఉంటేనే మనిషికి ప్రాణం. అక్కడ వాళ్ళ అమ్మ ఎండాకాలం తెంపిన తునికాకు కట్టలు చూపించింది. ఆ ఆకే మా అవ్వ చాటలోకి వస్తుంది. ఆకు తెంపే ఇల్లు, ఆకు చుట్టే ఇల్లు రెండూ ఇన్నేళ్ళూ ఒకే చీకట్లో ఉన్నాయని అప్పుడు తోచింది.

ఈ విద్య నేను కనిపెట్టింది కాదు. వెలుతురుతో కరెంటు పుడుతుందని ఫ్రాన్సులో బెకెరెల్ 1839లో గమనించాడు. సీసం బ్యాటరీని అదే దేశంలో ప్లాంటే 1859లో చేశాడు. పనికొచ్చే సిలికాన్ గడి 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైంది. ఈ మూడూ కలిపి మా రేకుల మీదికి, అరుగు మీదికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంకొక సంగతి మన హాస్టల్ పిల్లలకు తప్పక తెలియాలి. మన గోడ మీద పటంలో ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ రాజ్యాంగం రాశారని అందరికీ తెలుసు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఆయన కార్మిక శాఖ సభ్యులు. విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేది. 1943లో విద్యుత్ సరఫరా విధాన సంఘానికి అధ్యక్షత వహించి, దేశంలో పేదరికం పోవాలంటే పరిశ్రమలు రావాలని, అవి రావాలంటే కరెంటు చౌకగానూ పుష్కలంగానూ ఉండాలని ఆయన వాదించారు. కరెంటు సంగతి పేదవాడి సంగతి అని ఆయన అప్పుడే చూశారు. మనం ఆయనకు దండ వేసి ఊరుకుంటే సరిపోదు, ఫిజిక్సు పుస్తకం కూడా తెరవాలి.

తమ్ముళ్ళారా, ‘సోలార్ పలక ఎట్లా పనిచేస్తుంది?’ అని పరీక్షలో అడిగితే అయిదు మార్కులకు రాసి మరచిపోకండి. ఒక్కసారి చేత్తో చేసి చూడండి. కూలి చేసే చేతులు మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నాయి, వాటికి లెక్క తోడైతే చాలు. నేను గీసిన సర్క్యూట్ బొమ్మ, సామాను పట్టిక వార్డెన్ సారు దగ్గర ఇచ్చాను. మన స్టడీ హాలుకు నాలుగు దీపాలు, ఒక పలక చాలు. దసరా సెలవులకు నేను మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్ తీసుకుని వస్తాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముందుగా పేర్లు ఇవ్వండి. చేసేది మీరే, పక్కన కూర్చునేది నేను.